తువ్వాలు కింద చెయ్యి

"ఈ సెయ్యి అబద్ధమాడతాదా అమ్మా?"

పారమ్మ ఆ మాట అడిగింది లేబొరేటరీ వరండాలో, చెప్పులు విడిచే చోట నిలబడి. అడిగి, జవాబు కోసం మృణాళిని నోటివైపు కాకుండా కళ్ళవైపు చూసింది.

మృణాళినికి ఆ చూపు తెలుసు. అది తన చూపే. మనుషులు నవ్వేటప్పుడు నవ్వుని కాదు, నవ్వు రావడానికి ముందు మొహాన్ని చూడడం ఆమెకి చిన్నప్పటినుంచీ అలవాటు. గుమ్మంలో చుట్టం కనపడగానే "రండి రండి" అనేముందు అమ్మ మొహంలో ఏదో ఒకటి కదిలి మాయమయ్యేది. అదే అసలు సంగతని, తరవాతదంతా మర్యాదేనని ఆమె నమ్మకం. ఆ నమ్మకంతోనే చదువుకుంది. ఆ నమ్మకంతోనే కాపురమూ చేసింది. "నేను మాట్లాడేదాకా ఆగవు నువ్వు. ఆలోపే తీర్పు రాసేస్తావు," అని చెప్పి భర్త వెళ్ళిపోయినప్పుడు ఆమె ఆ మాటని పట్టించుకోలేదు. ఆ తరవాత ఇంకేదో అనబోయేముందు అతని పెదవి ఒకసారి వణికింది. ఆ వణుకుని మాత్రం గుర్తుపెట్టుకుంది.

"ఏ చెయ్యి?" అంది, తెలిసే.

"మా మావ సెయ్యి. మీరు బాగుసేసిన సెయ్యి."

"లేదు పారమ్మగారూ. దానికి అబద్ధమాడడం రాదు. అలాగే తయారుచేశాం దాన్ని."

ఆ మాటలో కొంచెం గర్వం కూడా ఉంది. పారమ్మ తల ఊపింది. విడిచిన చెప్పులు మళ్ళీ తొడుక్కుంది.

"అయితే ఆయనకి బతకాలని నేదు," అని, లోపలికి రాకుండానే వెళ్ళిపోయింది.

* * *

పారమ్మ మొగుడు చిన్నంనాయుడు పశువుల సంతలో బేరగాడు. గుమ్మడిపేట సంతలో అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి, భుజం మీది తువ్వాలు తీసి చేతుల మీద కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పడం అతని వృత్తి. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత. చుట్టూ పదిమంది మూగినా ఎవరికీ ఏమీ తెలియదు. పైన నోరు ఎద్దు పళ్ళ గురించో వానల గురించో మాట్లాడుతూ ఉంటుంది, కింద వేళ్ళు బేరం చేసుకుంటూ ఉంటాయి.

ఒక వానాకాలం లారీలోంచి గేదెని దించుతుంటే కాలికింద చెక్క జారి అతను వెనక్కి పడ్డాడు. మెడ విరిగింది. మాట మిగిలింది. మెడకింద ఏదీ మిగల్లేదు.

విశాఖలో సముద్రం కనిపించే కొండ మీద ఉన్న ఆ లేబొరేటరీలో అతని మెదడు మీద, చేతిని కదిపే చోట, గోరంత రేకు ఒకటి పెట్టారు. ఆ రేకు విన్నదాన్ని ఒక పెట్టె అర్థం చేసుకుంటుంది. పెట్టె చెప్పినట్టు భుజంనుంచి ముంజేతిదాకా తొడిగిన తొడుగు కండరాలకి సన్నగా కరెంటు ఇస్తుంది. అప్పుడు చెయ్యి లేస్తుంది, వేళ్ళు ముడుచుకుంటాయి. అవి అతని వేళ్ళే, అతని తలపే. మధ్యలో దారి మాత్రం వేరే.

ఆ దారి పొడుగు. వినాలి, వడకట్టాలి, అర్థం చేసుకోవాలి, కరెంటు పంపాలి, కండరం లేవాలి. అంతా కలిపి అరక్షణం పైనే. మొదటిసారి టీ కప్పు పట్టుకోమన్నప్పుడు చిన్నంనాయుడు పట్టుకోవాలనుకున్నాడు. చెయ్యి కదల్లేదు. ఇంకా గట్టిగా అనుకున్నాడు. అప్పటికి మొదటి తలపు వేళ్ళదాకా వచ్చింది, దాని మీద రెండోది వచ్చి పడింది. కాగితం కప్పు నలిగిపోయి టీ అంతా తొడ మీద ఒలికింది. కొత్త ఊరి లాడ్జిలో వేడినీళ్ళ కుళాయి తిప్పి, రావడం లేదని ఇంకా తిప్పి, చివరికి ఒళ్ళు కాల్చుకున్నట్టు. తేడా ఏమిటంటే అతనికి కాలినట్టు తెలియలేదు. పారమ్మ పరిగెత్తుకొచ్చి కొంగుతో తుడుస్తుంటే అతను ఆ చేతినే అసహ్యంగా చూశాడు.

"ఎవుడో నా ఎనక నిలబడి ఆడిస్తన్నాడు దీన్ని. కప్పేయండి. నాను సూడనేను," అన్నాడు.

పారమ్మ అతని తువ్వాలే తెచ్చి ఆ చేతి మీద కప్పింది.

ఆలస్యాన్ని తగ్గించడం మృణాళిని పని. దారిని కుదించడానికి వీలులేకపోయింది. అందుకని ముందుగా బయలుదేరే పద్ధతి వెతికింది. అతని మెదడులో ఇంకాస్త ముందువైపు, పరిశోధన కోసమని పెట్టి వాడకుండా వదిలేసిన రెండో రేకు ఒకటుంది. చేతికి ఆజ్ఞ పుట్టే చోటుకన్నా ఎగువన, కదపాలన్న ఆలోచన ఇంకా తలెత్తుతున్న చోటది. ఆమె దాన్ని కలిపింది. అక్కడ ఏదైనా మెదిలీ మెదలగానే పెట్టె ఊహించి చేతిని పంపేస్తుంది. పంపాక వేళ్ళు వణికి కప్పు జారకుండా కాసేపు బిగించి ఉంచుతుంది. లేబొరేటరీలో ఆ ప్రోగ్రాముకి "తొందర" అని పేరు పెట్టారు.

తొందర పెట్టిన రోజున చిన్నంనాయుడు టీ కప్పు ఎత్తి, నోటిదాకా తెచ్చుకుని, ఊదుకుని తాగాడు.

"ఇది నా సెయ్యే," అన్నాడు, కళ్ళు మూసుకుని.

లేబొరేటరీ అధిపతి డాక్టర్ పరాంకుశం ఆ మాటని ఎన్నో సభల్లో వినిపించాడు.

ఒక్క పరీక్షలో మాత్రం తొందర తప్పింది. తెర మీద అంకె చూపించి అన్ని వేళ్ళు ముడవమనే పరీక్ష. మూడు అంటే నాలుగో అయిదో ముడిచేవాడు. ఎప్పుడూ ఎక్కువే, ఒక్కసారి కూడా తక్కువ కాదు. కప్పు పట్టుకుంటున్నాడుగా, అంకెలతో మనకేం పని అన్నాడు పరాంకుశం. కానీ ఊరికే జరిగే తప్పు రెండువైపులా పడాలి. ఒకే వైపు పడుతోందంటే దానికి ఏదో కారణం ఉండాలి. మృణాళిని ఆ అనుమానాన్ని పక్కన పెట్టింది కానీ వదిలెయ్యలేదు.

* * *

పారమ్మ వెళ్ళిపోయిన ఆ మధ్యాహ్నమే మృణాళిని క్వార్టర్స్‌కి వెళ్ళింది. రోగులకీ వాళ్ళ మనుషులకీ కేటాయించిన రెండు గదుల ఇల్లు అది. తలుపు తియ్యగానే మార్పు కనిపించింది. మందుల డబ్బా అలమారా పైకెక్కింది. బాల్కనీ తలుపు గడియకి చీర చింపి చేసిన తాడు కట్టి ఉంది. కూరగాయలు తరిగే కత్తిపీట ఎక్కడా లేదు. కదలలేని మనిషి వీటితో ఏం చేసుకోగలడని అడగబోయి, మృణాళిని ఊరుకుంది. తొందర ఉన్న చెయ్యి ఏమైనా చేయగలదని చెప్పింది తామే కదా.

జరిగిందంతా పారమ్మ నెమ్మదిగా చెప్పింది. పెళ్ళయిన కొత్తలో ఇంటినిండా అత్తమామలు, ఆడపడుచులు. మొగుడితో మాట్లాడాలంటే వీలుండేది కాదట. అందుకని అతను సంత విద్యని ఇంట్లోకి తెచ్చాడు. భోజనాలయ్యాక అందరిమధ్యా కూర్చుని తువ్వాలు కింద ఆమె వేళ్ళు పట్టుకునేవాడు. ఒక వేలు పట్టుకుంటే అవును. రెండు పట్టుకుంటే కాదు. మామగారు పక్కన చుట్ట కాలుస్తుండగానే తామిద్దరూ ఎన్ని మాటలు చెప్పుకున్నారో అని చెబుతూ ఆమె నవ్వబోయింది, మధ్యలో ఆపుకుంది.

చెయ్యి తిరిగొచ్చాక ఆ ఆట కూడా తిరిగొచ్చింది. కూర ఎలా ఉందంటే నోరు బాగున్నాదనేది, చెయ్యి రెండు వేళ్ళు పట్టుకునేది. ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. నా చెల్లెలు వచ్చి వారం ఉంటానంది, ఉండమననా అంటే నోరు ఉండనియ్యమనేది, చెయ్యి కాదనేది. ఆమె ఇంకా నవ్వింది. అతను నవ్వడం మానేశాడు. అతను మానేశాడని గమనించాకే ఆమె అసలు ప్రశ్న అడిగింది. ఆ రోజు లారీ దగ్గరే పోయుంటే బాగుండునని అనుకుంటున్నావా అని.

"ఛ, అదేటి మాట అన్నాడమ్మా నోటితోటి. ఆ మాట పూర్తవకముందే సెయ్యి నా ఒక్క ఏలు పట్టేసింది. గట్టిగా. ఒదల్నేదు."

అప్పటినుంచీ రోజూ అడుగుతోంది. రోజూ ఒక్క వేలే.

చక్రాల కుర్చీలో చిన్నంనాయుడు కిటికీవైపు తిరిగి ఉన్నాడు. అంతా విన్నాడు. మృణాళిని ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంటే పారమ్మని టీ పెట్టమన్నాడు. ఆమె వెళ్ళలేదు. అతను కళ్ళతోనే బతిమాలాక, తలుపు తీసి ఉంచి మరీ వంటింట్లోకి వెళ్ళింది.

"తొందర తీసేయండమ్మా," అన్నాడు.

"తీసేస్తే చెయ్యి ఆలస్యంగా వస్తుంది. మళ్ళీ టీ ఒలికిపోతుంది. అది నాది కాదన్నారు అప్పట్లో, గుర్తుందా?"

"ఉన్నాది. ఒలికితే ఒలికింది."

మృణాళిని అతని మొహాన్ని, మాటకి ముందు మొహాన్ని చూస్తూనే ఉంది. అక్కడేమీ కనిపించలేదు. బేరగాడి మొహం అది.

"మరి పారమ్మగారి వేలు పట్టుకుంటున్నది ఎవరు?"

"నానే. కాదని అనను." అతను గొంతు తగ్గించాడు. "పొద్దున్న లెగ్గానే పోతే బాగుణ్ణనే ఉంటాదమ్మా. అది ముందొచ్చి కూకుంటాది. ఆ ఎనకాల టీ వొస్తాది. పారమ్మ వొచ్చి ఏదో తిడతాది. కిటికీలోంచి ఓడ కనిపిస్తాది. అప్పుడు ఇంకా కొన్నాళ్ళు ఉందారిలే అనిపిస్తాది. రోజూ అంతే. మీ తొందర ముందొచ్చినోడికే సరుకు ఇచ్చేస్తన్నాది. ఎనకొచ్చినోడు ఎక్కువ ధర పెడతానన్నా ఇనట్నేదు."

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. పారమ్మ వింటోంది.

"అంకెల పరీక్షలో కూడా అంతేనా? మూడు చూపించమంటే అయిదు చూపించేవారు."

అతను మొదటిసారి నవ్వాడు. "మూడు సూపించమంటే మూడే అనుకున్నోడు సంతలో సాయంత్రం దాకా ఉండడు తల్లీ. ఆకరికి ఎంతదాకా ఎక్కాలో అది మనసులో పెట్టుకుని ఏళ్ళు తక్కువ సెప్పాల. అలవాటైపోయింది. మీరడిగినప్పుడూ అలాగే సేసేను."

మృణాళినికి అప్పుడు అర్థమైంది. తప్పు యంత్రానిది కాదు. అతను దాచుకున్నదాన్ని యంత్రం సరిగ్గా చదివింది. తను కట్టింది తను కోరుకున్నదే, నవ్వుకి ముందు మొహం చూసే యంత్రం. సంతోషం వెయ్యాలి నిజానికి. వెయ్యలేదు.

దాని వెనకే రెండో అనుమానం లేచింది. ఈ మనిషి ఇన్నేళ్ళూ అవతలివాణ్ణి ఒప్పించి బతికినవాడు. ముసలి ఎద్దుని కోడె అని నమ్మించిన గొంతు ఇది. టీ, తిట్టు, ఓడ అని అతను చెప్పింది అందంగా ఉంది, అవసరమైనదానికన్నా ఒక పిసరు ఎక్కువ అందంగా ఉంది. తొందర తీసేస్తే ఇతను ఏదైనా దాచుకోగలడు. చనిపోవాలన్న కోరికతో సహా. రేపు ఏదైనా జరిగితే ముందుగా చెప్పగలిగిన ఒకే ఒక్క సాక్షిని తనే నోరు మూయించినట్టవుతుంది.

పారమ్మ టీ తెచ్చింది. మృణాళిని కప్పు ఖాళీ చేసి లేచింది.

* * *

పరాంకుశం అంతా ఓపికగా విన్నాడు. అతను కోపం తెచ్చుకునే మనిషి కాదు. ఆలోచించి, రోగినే అడుగుదాం అన్నాడు.

మర్నాడు చిన్నంనాయుడిని లేబొరేటరీకి తెచ్చారు. పారమ్మ కుర్చీ వెనక నిలబడింది. పరాంకుశం తన చేతిని అతని చేతిలో పెట్టి, తువ్వాలు అక్కర్లేదన్నాడు. పారమ్మ వినకుండా కప్పింది.

"తొందర తీసెయ్యమంటారా నాయుడుగారూ?"

"తీసేయండి," అంది నోరు.

తువ్వాలు కదిలింది. చిన్నంనాయుడి చెయ్యి పరాంకుశం వేళ్ళలో రెండింటిని గట్టిగా పట్టుకుంది. కాదు.

మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ నోరు అవునంది, చెయ్యి కాదంది. చిన్నంనాయుడు తువ్వాలు వంక చూసి మెల్లిగా అన్నాడు: "నా సెయ్యే నా మీద సాచ్చికం."

పరాంకుశం మృణాళినిని పక్కకి పిలిచాడు. "నోరు మర్యాద నేర్చుకుంది. మెదడు ఇంకా నేర్చుకోలేదు. ఇది నీ వాక్యమే కదా? మన మొదటి వ్యాసంలో రాశావు."

"రాశాను సార్."

"భార్య అనుమానం భరించలేక తీసెయ్యమంటున్నాడు. లోపల మాత్రం చెయ్యి కావాలనే ఉంది. లోపలిదాన్నే మనం గౌరవించాలి."

"నియమం ప్రకారం రోగి నోటిమాటే అంగీకారం సార్."

"అంతకన్నా మంచి సాక్షి లేనప్పుడు రాసిన నియమం అది."

అతను మాట్లాడుతున్నది ఆమె మాటలే. అయినా ఒకటి ఆమెని గుచ్చింది. చెయ్యి తీసేస్తామంటే ఏ మనిషికైనా ముందుగా పుట్టేది "వద్దు" అనే భయమే. ఆ భయం నిజమే. కానీ అది నిర్ణయమా? ఇంజెక్షన్ సూది చూడగానే చెయ్యి వెనక్కి తీసుకున్నవాడు వైద్యం వద్దన్నట్టేనా?

వెళ్ళేటప్పుడు పారమ్మ మొగుడి మొహంలోకి చూడలేదు. చేతినే చూస్తూ కుర్చీ తోసుకుపోయింది. అతన్ని వదిలి ఆమె ఆ చేతితో కాపురం చేస్తోందని మృణాళినికి తోచింది.

* * *

రేకు అవసరంలేని మనుషుల కోసం లేబొరేటరీలో ఒక టోపీ ఉంది. రేకంత స్పష్టంగా వినలేదు కానీ అవునుకీ కాదుకీ తేడా చెబుతుంది. అవునంటే బల్ల మీద పచ్చదీపం, కాదంటే ఎర్రదీపం. దాన్ని మృణాళిని ఎందరికో పెట్టింది, తను మాత్రం ఎప్పుడూ పెట్టుకోలేదు. తన గురించి తనకి అనుమానాలు లేవనుకునేది.

ఆ సాయంత్రం అందరూ కాంటీన్‌కి వెళ్ళాక పెట్టుకుంది. అద్దంలో చూసుకుంటే నవ్వొచ్చింది. తనని తాను ఏం అడగాలో తోచక కూర్చుంటే ఫోను మోగింది. అక్క.

అక్క కాకినాడనుంచి ఎప్పుడు చేసినా ముందు తిట్టి, తరవాత విషయం చెబుతుంది. చేపలు తినడం మానేశావా, నీ గొంతేమిటి అలా ఉంది, నెలకొకసారైనా ఫోను చేస్తే వేళ్ళరిగిపోతాయా అని వరసగా అయ్యాక, పది రోజులు నీ దగ్గరికి వచ్చి ఉండనా అంది.

ఎర్రదీపం వెలిగింది.

మృణాళిని దాన్ని చూసింది. ఆశ్చర్యపోలేదు. ఇల్లంతా అక్క సామాను, టీవీ, ప్రశ్నలు. తెలిసిందే. ఇదే నా అసలు మొహం, అనుకుంది. ఇప్పుడిక మర్యాదకి రమ్మంటాను.

నోరు తెరవబోయింది. ఇంకా తెరవలేదు. అవతల అక్క ఊపిరి బిగబట్టడం వినిపించింది. ఎప్పుడూ గలగలా వాగే మనిషి, ఈ ఒక్క జవాబు కోసం ఊపిరి బిగబట్టింది. ఎర్రదీపం రెపరెపలాడి ఆరింది. పచ్చదీపం వెలిగింది. నిలకడగా.

"రా అక్కా," అంది మృణాళిని.

ఫోను పెట్టేశాక కూడా టోపీ తియ్యకుండా చాలాసేపు కూర్చుంది. పచ్చదీపం మాటకన్నా ముందు వెలిగింది. అంటే అది మర్యాద కాదు. లోపలిదే. ఎర్రది ఎంత లోపలిదో ఇదీ అంత లోపలిదే, కాకపోతే ఒక ఊపిరి ఆలస్యంగా వచ్చింది. తొందర ఉన్న చెయ్యి తనదై ఉంటే, అక్క మాట్లాడుతున్న ఫోనుని అది అప్పటికే పెట్టేసి ఉండేది.

ఇన్నేళ్ళుగా తను ఎంతమంది ఫోన్లు అలా పెట్టేసిందో అనిపించింది. పెదవి వణికాక భర్త ఇంకేదో అన్నాడు. అతను ఏమన్నాడో ఇప్పుడు ఎంత గుర్తుచేసుకున్నా గుర్తురాలేదు. వణుకు మాత్రమే గుర్తుంది.

లేచి చిన్నంనాయుడి రికార్డింగులు తెరిచింది. పారమ్మ రోజూ అడిగిన ప్రశ్న, రోజూ ముడుచుకున్న చెయ్యి. చెయ్యి ముడుచుకున్నాక తొందర దాన్ని బిగించి ఉంచుతుంది. ఆ తరవాత లోపల ఏం జరుగుతోందో ఎవరూ చూడలేదు, పని అయిపోయింది కనక. ఆమె ఇప్పుడు చూసింది. ముందువైపు రేకులో గీతలు ఒక్క ఊపిరి తరవాత తిరగబడ్డాయి. ప్రతిరోజూ. ప్రతిరోజూ "అవును" వెనకాల "కాదు" వచ్చి, మూసిన పిడికిలిని తట్టి, ఎవరూ తలుపు తియ్యక వెనక్కిపోయింది. తలుపు బిగించింది తనే, కప్పు జారకూడదని.

ఆమె లేచి నిలబడింది. పరాంకుశం గదివైపు రెండడుగులు వేసి ఆగింది.

వెనక్కొచ్చి అంకెల పరీక్ష రికార్డింగులు కూడా తెరిచింది. మూడు చూపించమన్నప్పుడు లోపల ముందు అయిదు, ఆ వెనక మూడు. మనసులో ఉన్నది ముందు, చూపించదలచుకున్నది వెనక. గీతలు అచ్చం అలాగే తిరగబడ్డాయి.

రెండు తెరల్నీ పక్కపక్కన పెట్టి ఎంతసేపు చూసినా తేడా కనిపించలేదు. మనసు మార్చుకోవడమూ మనసు దాచుకోవడమూ గీతల్లో ఒకటే. ఆ మనిషి ఉండాలనుకుంటున్నాడో, ఉండాలనుకుంటున్నట్టు పెళ్ళానికి చూపించాలనుకుంటున్నాడో ఏ రేకూ చెప్పలేదు. ఇంకా ఎగువకి వెళితే చెప్పగలదా? అక్కడా ఇలాగే ఇద్దరు నిలబడి ఉంటారు, ఒకడి వెనక ఒకడు.

* * *

పరాంకుశం తెరలు చూశాడు. చాలాసేపు చూశాడు. అయినా తొందర ఉండాలనే అన్నాడు, కారణం మాత్రం మారింది. ఉంటే కనీసం ప్రమాదం ముందుగా తెలుస్తుందన్నాడు. తీసేశాక ఆ మనిషి ఏదైనా చేసుకుంటే ఎవరు జవాబు చెబుతారని అడిగాడు. ఆ ప్రశ్నని మృణాళిని తోసిపుచ్చలేకపోయింది. అది ఆమెకీ ఉంది. నేనే చెబుతాను అంది. అతను అలసటగా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నియమం ఎలాగూ నోటిమాట పక్షానే ఉంది.

శుక్రవారం ఉదయం చిన్నంనాయుడి నోటిమాట మళ్ళీ రికార్డు చేసి, తొందర తీసేసి, ముందువైపు రేకుని చేతినుంచి తప్పించారు. వినడం ఆపలేదు. గీతలు తెరమీద పడుతూనే ఉంటాయి. వాటి మాట మాత్రం చెయ్యి వినదు.

టీ తెప్పించారు. చిన్నంనాయుడు కప్పు వంక చూశాడు. చెయ్యి రాలేదు. అతను ఇంకా గట్టిగా అనుకోలేదు ఈసారి. పళ్ళు బిగించి ఆగాడు. చెయ్యి ఆలస్యంగా, పరాయి ఇంటికి భోజనానికి వచ్చినవాడిలా మొహమాటంగా లేచింది. కప్పు అంచు తగిలి కొంచెం ఒలికింది. అతని మొహంలో పాత అసహ్యం మెరిసింది. "ఇది నాది కాదు" అన్న చూపే అది. ఈ నష్టం చిన్నది కాదని మృణాళినికి అప్పుడు పూర్తిగా తెలిసింది. అతను బేరంలో దేన్ని వదులుకున్నాడో అతనికీ తెలుసు.

పారమ్మ ఒలికిన టీ తుడిచింది. తరవాత అతని భుజం మీంచి తువ్వాలు తీసి చేతి మీద కప్పి, తన చేతిని కిందికి పోనిచ్చింది. ఎవరినీ అనుమతి అడగలేదు.

"మావా. ఆ రోజు లారీ కాడే పోయుంటే బాగుండునా?"

గదిలో యంత్రాల ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు. తువ్వాలు కదల్లేదు. పెట్టెకి ఎంత ఆలస్యం అవుతుందో మృణాళినికి ఒంటికి పట్టిన లెక్క. ఆ లెక్క దాటింది. ఇంకా కదల్లేదు. ఇప్పుడు గడుస్తున్న ప్రతి ఊపిరీ యంత్రానిది కాదు, అతనిదే. పారమ్మకి ఆ లెక్క తెలియదు. ఆమె మొగుడి మొహంలోకి చూస్తోంది. చాలా రోజులకి చేతిని వదిలి మొహంలోకి.

తువ్వాలు కదిలింది.

పారమ్మ కళ్ళు తువ్వాలు మీదికి దిగి, మళ్ళీ పైకి లేచాయి.

"రెండు పట్టుకున్నావు," అంది. "అబద్ధం."

"బేరం," అన్నాడు చిన్నంనాయుడు.

"ఏటి బేరం?"

"రేపు మళ్ళీ అడుగు. అప్పుడు సెప్తాను."

"నీ బేరం తగలెట్ట," అంది పారమ్మ. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తువ్వాలు కింద ఏదో కదిలింది, ఈసారి ఆమె వైపునుంచి. ఆమె ఎన్ని వేళ్ళు పట్టుకుందో పైకి తెలియలేదు. దానికి అతను జవాబు చెప్పబోతున్నాడు. చెయ్యి ఇంకా రాలేదు.

మృణాళిని పక్కనే తెర ఉంది. దానిమీద ముందువైపు రేకు గీతలు ఈపాటికి పడి ఉంటాయి. తల తిప్పితే చాలు. అతని మొదటి తలపు, దాని వెనక రెండోది, ఏది ఏదో. తల తిప్పాలనే అనిపించింది ఆమెకి. అది అన్నిటికన్నా ముందు వచ్చింది, ఎప్పటిలాగే.

ఆమె చెయ్యి తెర మీటదాకా వెళ్ళి ఒక్క ఊపిరి ఆగింది. తరవాత, కళ్ళు తువ్వాలు మీంచి తియ్యకుండానే, తెర ఆపేసింది.